పది మంది అమ్మాయిలు, రెండు రాత్రులు, ఎన్ని బాత్రూములు? బ్యాచిలరెట్ వీకెండ్‌కి బస ఎంచుకోవడం

పెళ్లికి ముందు అమ్మాయిలందరం కలిసి ఏదైనా పెద్ద సిటీలో రెండు రాత్రులు గడిపి వద్దాం అనగానే గ్రూపులో గుండె గుర్తులు వరసకడతాయి. ఆ ఊపులో ఎవరో ఒకరు "రూమ్‌ల సంగతి నేను చూసుకుంటాలే" అనేస్తారు. అలా అనేసింది మీరే అయితే ఇది మీకోసం. నేను ఇప్పటికి మూడుసార్లు అలా నోరు జారాను. మొదటిసారి ఫొటోలు చూసి ఎంచుకున్నాను, రెండోసారి ధర చూసి. మూడోసారికి గానీ బాత్రూములు లెక్కపెట్టాలని తెలిసిరాలేదు.

దారులు చాలానే ఉన్నాయి. ఎవరి రూమ్ వాళ్లు తీసుకోవచ్చు, ఒక సూట్ తీసుకుని దాని పక్కన రూమ్‌లు పెట్టుకోవచ్చు, హోటల్‌తో మాట్లాడి రూమ్ బ్లాక్ చేయించవచ్చు. సర్వీస్ అపార్ట్‌మెంట్ ఉంది, మొత్తం ఇల్లు అద్దెకు తీసుకోవడం ఉంది, హాస్టల్ ఉంది (చదువుకునేవాళ్లది కాదు, ప్రయాణికులకి మంచాలు అద్దెకిచ్చేది). వీటిలో అన్నిటికంటే మంచిదేదో నేను చెప్పలేను. మీకు పనికిరానివి ఏవో మాత్రం ఓ సాయంత్రంలో తేల్చేయవచ్చు.

## ముందు తలల లెక్క

వెబ్‌సైట్లు తెరవక ముందే ఒక అంకె కావాలి. "వస్తాం" అన్నవాళ్ల సంఖ్యని పక్కన పెట్టి, అడ్వాన్స్ పంపినవాళ్ల సంఖ్య చూడండి. పన్నెండు మంది ఎగిరి గంతేస్తే చివరికి తొమ్మిది మంది వస్తారు. ఒకరికి సెలవు దొరకదు, ఇంకొకరి పిల్లాడికి జ్వరం, మూడో ఆవిడ కారణమే చెప్పదు. ఆ తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య ఉన్న డబ్బు ఎవరి చేతి నుంచి పోతుందో ముందే తేల్చుకోకపోతే అది కచ్చితంగా మీ చేతి నుంచే పోతుంది, ఎందుకంటే కార్డు మీది.

రెండో అంకె, మంచం పంచుకోవడానికి ఒప్పుకునేవాళ్లు ఎందరు అన్నది. దీన్ని గ్రూపులో అడగకండి. గ్రూపులో అందరూ "నాకేం ఫర్వాలేదు" అనే అంటారు. విడిగా ఫోన్ చేస్తే ఒకామె తన గురక సంగతి చెబుతుంది, ఇంకొకామె కడుపుతో ఉన్నానని, ఇంకా ఎవరికీ చెప్పలేదని అంటుంది, మరొకామె పెళ్లికూతురి ఆఫీసువాళ్లతో ఒకే దుప్పటి కింద పడుకోవడం తనవల్ల కాదంటుంది. ఈ మూడు ఫోన్లతోనే మీకు కావాల్సిన రూమ్‌లు ఒకటి రెండు పెరుగుతాయి. అది అక్కడికి వెళ్లాక తెలియడం కంటే ఇప్పుడు తెలియడమే మేలు.

మూడోది పెళ్లికూతురి వాటా. ఆమె ఖర్చు మిగతావాళ్లు పంచుకుంటారా లేదా అన్నది డబ్బు అడిగే రోజునే చెప్పేయాలి. పది మందిలో ఆ భారం ఒక్కొక్కరి వాటా మీద అదనంగా 11 శాతం. ఆరుగురిలో 20 శాతం. నలుగురే అయితే 33 శాతం, అది చిన్న మాట కాదు.

## ఆరు, రెండు, పదకొండు

ఇక ప్రతి బసకీ ఒకే పరీక్ష పెట్టండి. శనివారం సాయంత్రం ఆరుకి, ఆ రాత్రి రెండుకి, ఆదివారం పొద్దున పదకొండుకి అక్కడ ఏం జరుగుతుందో కళ్లముందు ఊహించుకోండి. స్విమ్మింగ్ పూల్, టెర్రస్ వ్యూ, గోడ మీద నియాన్ అక్షరాలు, ఇవన్నీ ఆ తర్వాతే.

శనివారం ఆరు. అందరూ ఒకేసారి తయారయ్యే వేళ. ఎనిమిది మందికి ఒకటే బాత్రూమ్, మనిషికి అరగంట అనుకుంటే నాలుగు గంటలు. రెండు బాత్రూములైతే రెండు గంటలు, నాలుగైతే గంట. ఈ లెక్క ముందు ఏ లాబీ అందమూ నిలబడదు. దీనికి తోడు అద్దాలు, ప్లగ్ పాయింట్లు. హెయిర్ స్ట్రెయిట్‌నర్ వైరు అద్దం దాకా అందకపోతే జుట్టు సగం తడుముకుంటూ చేసుకోవడమే. ఇంకోటి, తయారవడంలోనే సగం సరదా ఉంటుంది కాబట్టి అందరూ ఒకచోట కూర్చోగలిగే జాగా కూడా కావాలి.

రాత్రి రెండు. తిరిగొచ్చేటప్పటికి ఇద్దరికి నిద్ర, ముగ్గురికి కబుర్లు, ఒకరికి వాంతులు. నిద్రపోయేవాళ్లకీ కబుర్లాడేవాళ్లకీ మధ్య ఒక తలుపు ఉందా? పదకొండుకే తిరిగొచ్చేసిన అమ్మాయి చేతిలో సొంత తాళం ఉందా? కారు దిగేచోట వెలుతురు ఉందా, ఆ వేళ కింద మెలకువగా ఎవరైనా ఉంటారా?

ఆదివారం పదకొండు. చాలా హోటళ్లలో రూమ్ ఖాళీ చేయాల్సిన వేళ పదకొండు లేదా పన్నెండు. చెక్-ఇన్ ఏమో మధ్యాహ్నం మూడు ప్రాంతం. రైలో విమానమో సాయంత్రం ఐదుకైతే ఆ మధ్యలో పది సూట్‌కేసులు ఎక్కడుంటాయి? గిన్నెలు కడగాలా, చెత్త దించాలా, గోడ మీది బెలూన్ల టేపు ఊడదీస్తే రంగు ఊడొస్తుందా?

ఈ మూడింటికీ డబ్బు ప్రశ్న కలుపుకోండి. ఎవరైనా మానుకుంటే ఎంత పోతుంది?

## ఎవరి రూమ్ వాళ్లు బుక్ చేసుకోవడం

డబ్బు విషయంలో దీన్ని మించింది లేదు. హోటల్ పేరు చెప్పి వదిలేస్తే ఎవరి కార్డు వాళ్లది, ఎవరి క్యాన్సిలేషన్ వాళ్లది. మీరు వసూళ్లకి తిరగక్కర్లేదు. ఇద్దరికో బాత్రూమ్ వస్తుంది కాబట్టి ఆరు గంటల పరీక్ష కూడా సగం పాసైనట్టే.

మిగతా సగంలోనే నేను దెబ్బతిన్నాను. రెండోసారి ధర చూసి ఎంచుకున్నానన్నాను కదా, అప్పుడు ఐదు రూమ్‌లు, మూడు వేర్వేరు సైట్లలో ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ తీసుకున్నాం. చెక్-ఇన్‌లో మాకొచ్చినవి నాలుగు, తొమ్మిది, పదకొండో అంతస్తులు. లిఫ్టులో కీ కార్డు పెడితే మన అంతస్తు బటన్ మాత్రమే వెలుగుతుంది. కర్లింగ్ ఐరన్ తొమ్మిదో అంతస్తులో, నేను నాలుగులో. తలకి తువ్వాలు చుట్టుకుని లాబీలో నిలబడి, పై నుంచి ఆమె దిగొచ్చి నన్ను వెంటబెట్టుకెళ్లేదాకా ఎదురుచూశాను. సాయంత్రమంతా ఇలా దిగడం, ఎక్కడం. అందరం ఒకచోట కూర్చున్నది చివరికి రిసెప్షన్ సోఫాల్లోనే.

ఈ దారి పట్టేవాళ్లకి నాదొకటే మాట: అందరూ హోటల్ సొంత వెబ్‌సైట్‌లోనే, ఒకే రకం రూమ్ తీసుకోండి. ఒకే రకం రూమ్‌లు ఒకే వరసలో ఉండే అవకాశం ఎక్కువ. తర్వాత కన్ఫర్మేషన్ నంబర్లన్నీ ఒక మెయిల్‌లో పెట్టి, ఇవన్నీ ఒకే గుంపువి, దగ్గర దగ్గరగా ఇవ్వండని హోటల్‌కి రాయండి. బయటి సైట్ల బుకింగుల్లో మార్పు అడిగితే "మీరు బుక్ చేసిన చోటే అడగండి" అని తిప్పి పంపేది ఎక్కువ.

## ఒక సూట్, దాని పక్కన రూమ్‌లు

ఆరు నుంచి పన్నెండు మంది దాకా నా ఓటు దీనికే, దాపరికమేం లేదు. విడిగా హాలున్న సూట్ ఒకటి పెళ్లికూతురి పేరున, అదే అంతస్తులో మామూలు రూమ్‌లు మూడో నాలుగో. అందరూ తయారయ్యేది, రాత్రి కబుర్లు, పొద్దున కాఫీ అన్నీ సూట్ హాల్లో. నిద్రొచ్చినవాళ్లు తలుపేసుకుని తమ రూమ్‌కి వెళ్లిపోతారు. ఎవరైనా మానుకుంటే ఒక రూమ్ క్యాన్సిల్ చేస్తే సరిపోతుంది, మిగతావి కదలవు.

మాటల దగ్గర జాగ్రత్త. "సూట్" అని రాసిన ప్రతిదాంట్లో హాలు వేరుగా ఉండదు. "జూనియర్ సూట్" అంటే చాలాచోట్ల ఒకే పెద్ద గది, మంచానికి ఎదురుగా ఒక సోఫా. తలుపు ఉన్న పడకగది కావాలంటే "వన్ బెడ్‌రూమ్ సూట్" అని ఉండాలి, ఫ్లోర్ ప్లాన్‌లో ఆ తలుపు కనబడాలి.

"కనెక్టింగ్" వేరు, "అడ్జాయినింగ్" వేరు. కనెక్టింగ్ రూమ్‌లంటే లోపలి నుంచే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లే తలుపు ఉన్నవి. నిజానికి అక్కడ రెండు తలుపులుంటాయి, ఏ వైపు తలుపుకి ఆ వైపే గడియ, ఇద్దరూ తీస్తేనే దారి. అడ్జాయినింగ్ అంటే పక్కపక్కన ఉన్నవని మాత్రమే. ఆన్‌లైన్‌లో "కనెక్టింగ్ కావాలి" అని టిక్ పెడితే చాలాచోట్ల అది ఒక కోరికగా నమోదవుతుంది, అంతే. హామీ ఉండదు. హిల్టన్ హోటల్ సంస్థ 2021లో బుకింగ్ సమయంలోనే కనెక్టింగ్ రూమ్‌లు ఖాయం చేసుకునే సదుపాయం తెచ్చింది. అలాంటిది లేని హోటళ్లలో ఫోన్ చేసి, రాతపూర్వకంగా తీసుకోవడమే మార్గం.

సూట్ ఖర్చు ఎవరిదన్న గొడవ వస్తుంది. పడుకునేది ఇద్దరే అయినా హాలు వాడుకునేది అందరూ. అందుకే రూమ్‌వారీగా కాకుండా మొత్తం బిల్లుని తలలతో భాగించండి. సూట్‌లో పడుకున్నవాళ్లు ఎక్కువ ఇవ్వాలన్నారనుకోండి, వాళ్లు పొద్దున తొమ్మిదికే అందరినీ హాల్లోంచి బయటికి పంపేస్తారు. తప్పు కూడా పట్టలేం.

## రూమ్ బ్లాక్: లాభం ఎంత, లంపటం ఎంత

హోటల్‌వాళ్లు కొన్ని రూమ్‌లు మీ గుంపు పేరున పక్కన పెట్టి, ఒక లింకో కోడో ఇస్తారు. ఎవరికి వాళ్లు ఆ ధరకి బుక్ చేసుకుంటారు. చాలా హోటళ్లు రాత్రికి కనీసం 10 రూమ్‌లు ఉంటేనే దీన్ని గ్రూపుగా చూస్తాయి. బ్యాచిలరెట్ గుంపుల్లో అన్ని రూమ్‌లు అవసరమయ్యేది తక్కువే, అయినా అడిగితే పోయేదేం లేదు. చిన్న హోటళ్లు ఐదారు రూమ్‌లకి కూడా దిగివస్తాయి.

బ్లాకుల్లో రెండు రకాలు. మొదటిది మర్యాదకి పక్కన పెట్టేది: మీ సంతకం మీద బాధ్యతేమీ ఉండదు, ఒక తేదీలోగా తీసుకోని రూమ్‌లు హోటల్ వెనక్కి లాగేసుకుంటుంది. ఆ తేదీ సాధారణంగా నెల ముందు ఉంటుంది. రెండోది కాంట్రాక్ట్. ఇందులో "అట్రిషన్" అనే మాట కోసం వెతకండి. ఒప్పుకున్న రూమ్‌లలో ఇంత శాతం వాడకపోతే ఆ లోటు మీరు కట్టాలన్న షరతు అది. ఎక్కువగా కనబడేది 80 శాతం.

లెక్క ఇలా ఉంటుంది. 10 రూమ్‌లు, 2 రాత్రులు అంటే 20 రూమ్-రాత్రులు. అందులో 80 శాతం 16. చివరికి 7 రూమ్‌లే నిండితే 14. తక్కువైన రెండు రూమ్-రాత్రుల డబ్బు సంతకం పెట్టిన మనిషి మీద పడుతుంది. పెళ్లికి బంధువులంతా వచ్చే చోట ఈ రిస్కు సరే. స్నేహితుల మాట మీద ఆధారపడి ఇలాంటి దాని మీద నేనైతే సంతకం పెట్టను. మొదటి రకం ఇస్తానంటే మాత్రం కళ్లు మూసుకుని తీసుకోండి.

ఒక్కోసారి బ్లాకు ధర కంటే హోటల్ వెబ్‌సైట్‌లో మామూలు ధరే తక్కువ కనబడుతుంది. నవ్వుకోండి గానీ పోల్చి చూడకుండా లింకు పంపకండి, గ్రూపులో ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పెట్టి మీ పరువు తీస్తారు.

## సర్వీస్ అపార్ట్‌మెంట్

ఇంటికీ హోటల్‌కీ మధ్య రకం. వంటిల్లు, ఫ్రిజ్, హాలు ఉంటాయి, కింద రిసెప్షనూ ఉంటుంది. రెసిడెన్స్ ఇన్, హోమ్‌వుడ్ సూట్స్, సిటాడీన్స్ లాంటి పేర్లు ఈ కోవలోవే. నలుగురు నుంచి ఆరుగురికి రెండు పడకగదులు, రెండు బాత్రూములున్న యూనిట్ దొరికితే ఇంకేమీ వెతకక్కర్లేదు. రాత్రి రెండుకి ఆకలేస్తే ఫ్రిజ్ ఉంది, పొద్దున రిసెప్షన్‌లో సూట్‌కేసులు పెట్టుకోవచ్చు, గడియ పడకపోతే పిలవడానికి మనిషుంటాడు.

చిక్కు ఎక్కడంటే, రెండు బెడ్‌రూముల యూనిట్లు ఒక్కో బిల్డింగులో కొద్దిగానే ఉంటాయి, వారాంతాలకి ముందే పోతాయి. మిగిలేవి స్టూడియోలు, అంటే ఒకటే గది, మూలకి పొయ్యి. ఎనిమిది మంది నాలుగు స్టూడియోలు తీసుకుంటే అది రూమ్‌ల కిందే లెక్క, పైన గిన్నెలు కడిగే పని. రోజూ శుభ్రం చేయని చోట్లు కూడా ఎక్కువే కాబట్టి తువ్వాళ్లు ముందే అదనంగా అడిగి పెట్టుకోండి.

## ఇల్లు అద్దెకు

ఫొటోల్లో ప్రతిసారీ గెలిచేది ఇదే. పొడవాటి బల్ల, వెలుతురున్న హాలు, "పది మందికి సరిపోతుంది" అన్న మాట. ధరని పదితో భాగిస్తే నవ్వొచ్చేంత తక్కువ. మొదటిసారి నేను పడింది ఇక్కడే. ఆ పది మందిలో నలుగురు సోఫా బెడ్‌ల మీద, ఇద్దరు గాలి పరుపు మీద అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉంది. బాత్రూములు "ఒకటిన్నర". ఆ సగంలో షవర్ లేదు, కమోడ్, సింకు మాత్రమే. మేం తొమ్మిది మందిమి. శనివారం మధ్యాహ్నం మూడుకే వంతులు మొదలుపెట్టాం. నాలుగో మనిషి బయటికి వచ్చేసరికి ట్యాంకులో వేడినీళ్లు అయిపోయాయి. ఐదో వంతు పెళ్లికూతురిది. ఆమె ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

పెద్ద నగరాల్లో ఇంకో సంగతి చట్టం. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి గట్టిగా అమలవుతున్న నిబంధన ప్రకారం 30 రోజుల కంటే తక్కువకి అద్దెకిస్తే ఇంటివాళ్లు కూడా అక్కడే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. అంటే గుంపుకి మొత్తం ఇల్లు అన్న మాటే అక్కడ లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో తమ సొంత ఇల్లు ఇచ్చేవాళ్లకి ఒకసారికి నలుగురే పరిమితి. బార్సిలోనా అయితే పర్యాటకుల అపార్ట్‌మెంట్ల లైసెన్సులన్నీ 2028 నవంబర్ నాటికి ముగించేస్తామని ప్రకటించింది. ఇలాంటి చోట చౌకగా పెద్ద ఇల్లు కనబడితే సంతోషించే ముందు దాని రిజిస్ట్రేషన్ నంబర్ వెతకండి. లైసెన్సు లేని ఇల్లు ప్రయాణానికి వారం ముందు సైట్ నుంచి మాయమైతే మీ డబ్బు వెనక్కి రావచ్చు, తొమ్మిది మంచాలు మాత్రం రావు.

పార్టీల మాట కూడా ఉంది. ఇళ్లు అద్దెకు దొరికే సైట్ ఎయిర్‌బీఎన్‌బీ 2020 ఆగస్టులో పార్టీలని నిషేధించింది, 2022లో దాన్ని శాశ్వత నియమం చేసింది. బుకింగ్ డాట్ కామ్‌లో చాలా అపార్ట్‌మెంట్లు, కొన్ని హోటళ్లు కూడా "హెన్, స్టాగ్ పార్టీలకి అనుమతి లేదు" అని నియమాల్లోనే రాస్తాయి. బ్రిటన్‌లో పెళ్లికొడుకు స్నేహితులది స్టాగ్ పార్టీ, బ్యాచిలరెట్‌ని హెన్ పార్టీ అంటారు, అది మిమ్మల్ని గురించే. "మేం గోల చేసేవాళ్లం కాదు" అన్న నమ్మకంతో ఆ వాక్యాన్ని దాటేయకండి. "బ్రైడ్" అని రాసిన పట్టీ భుజం మీదుగా వేసుకుని గేటు దగ్గర దిగగానే అర్థమైపోతుంది, డిపాజిట్ వాళ్ల చేతిలో ఉంటుంది.

అయినా ఇల్లే సరైన సందర్భం ఒకటుంది. మీ ప్లానులో బయట తిరగడం తక్కువ, ఇంట్లోనే రెండు రోజులు కూర్చోవడం ఎక్కువ అయితే, మూడు పూర్తి బాత్రూములుండి, యజమాని రాతలో "గుంపుకి సరే" అంటే, తీసుకోండి. ఆ పరిస్థితిలో దీన్ని హోటల్ అందుకోలేదు. కాకపోతే అలాంటప్పుడు పెద్ద నగరమే ఎందుకని ఒకసారి ఆలోచించండి.

## హాస్టల్

బడ్జెట్ బిగుతుగా ఉన్నవాళ్లకి. ఆరో ఎనిమిదో బంక్ బెడ్‌లున్న రూమ్ మొత్తం మీ గుంపే తీసుకుంటే అపరిచితుల బెడద ఉండదు. రూమ్‌కి సొంత బాత్రూమ్ ఉందో, వరండా చివర అందరికీ కలిపి ఉందో చూడండి. ఆశ్చర్యంగా, వరండా చివరివే నయం కావచ్చు, అక్కడ షవర్లు ఐదారు ఉంటాయి. కొన్ని హాస్టళ్లు ఇలాంటి గుంపుల్ని రానివ్వవు, ముందే అడగాలి. ముప్పై దాటిన స్నేహితురాళ్లు పై బంకు ఎక్కుతారో లేదో మీకే తెలియాలి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | శనివారం ఆరు | రాత్రి రెండు | ఆదివారం పదకొండు | ఎవరైనా మానుకుంటే |
|---|---|---|---|---|
| ఎవరి రూమ్ వాళ్లు | బాత్రూములు బాగు, కూర్చునే జాగా లేదు | నిద్రకి బాగు, కబుర్లకి కాదు | సులువు | వాళ్ల డబ్బే |
| సూట్ + రూమ్‌లు | రెండూ ఉన్నాయి | రెండూ ఉన్నాయి | సులువు | ఒక రూమ్ తగ్గించుకోవచ్చు |
| రూమ్ బ్లాక్ | హాలు విడిగా చూసుకోవాలి | నిద్రకి బాగు | సులువు | కాంట్రాక్ట్ అయితే సంతకం పెట్టినవాళ్లదే |
| సర్వీస్ అపార్ట్‌మెంట్ | ఆరుగురి దాకా బాగు | బాగు | కొద్దిగా పని | యూనిట్ ఖర్చు మారదు |
| ఇల్లు | బాత్రూముల మీద ఆధారం | ఇరుగుపొరుగు భయం | చెత్త, గిన్నెలు, డిపాజిట్ | మిగతావాళ్ల వాటా పెరుగుతుంది |
| హాస్టల్ రూమ్ | ఇరుకు | నిద్రకి కష్టం | సులువు | మంచం ఖర్చు మాత్రమే |

## మీరు ఎవరైతే ఏది

నలుగురు, చిన్ననాటి స్నేహితులు. రెండు బెడ్‌రూముల సర్వీస్ అపార్ట్‌మెంట్. దొరక్కపోతే రెండు కనెక్టింగ్ రూమ్‌లు. సూట్ దండగ.

ఎనిమిది మంది, సగం మందికి సగం మంది తెలియదు. పెళ్లికూతురి అక్కాచెల్లెళ్లు, కాలేజీ వాళ్లు, ఆఫీసు వాళ్లు కలిసే గుంపు ఇది. ఇక్కడ తలుపులు ముఖ్యం. సూట్ ఒకటి, రూమ్‌లు మూడు. ఎవరు ఎవరితో అన్నది మీరే నిర్ణయించి ముందే చెప్పేయండి, అక్కడికెళ్లాక "ఎవరికి ఇష్టమైతే వాళ్లు" అంటే ఒకరు కచ్చితంగా గుమ్మంలో బ్యాగుతో నిలబడిపోతారు.

పద్నాలుగు పైన. బ్లాకు గురించి అడగండి, సూట్ ఒకటి అందులో కలపమనండి. అంతమందికి సూట్ హాలు కూడా చాలదు కాబట్టి తయారయ్యేది రెండు చోట్ల అనుకోండి.

ఖర్చుకి వెనకాడేవాళ్లు గుంపులో ఉన్నారు. వాళ్లకోసం అందరినీ హాస్టల్లో పెట్టక్కర్లేదు. ఒకే హోటల్లో రెండు క్వీన్ బెడ్‌లున్న రూమ్ నలుగురికి, ఒంటరిగా కావాలన్నవాళ్లకి విడిగా. ఎవరి రూమ్‌ని బట్టి వాళ్ల ఖర్చు, సూట్ ఉంటే దాని హాలు భారం మాత్రం తలా కొంత.

ఇక్కడ మంచాల కొలత చూసుకోవాలి. అమెరికా కొలతల్లో క్వీన్ వెడల్పు 60 అంగుళాలు, డబుల్ 54. కింగ్ అయితే 76. డబుల్ మీద ఇద్దరు పడుకుంటే మనిషికి 27 అంగుళాలు, పసిపిల్లల మంచం వెడల్పూ దాదాపు అంతే. "రెండు డబుల్ బెడ్‌లు, నలుగురికి" అని రాసిన రూమ్‌లో నలుగురు పెద్దవాళ్లు ఎలా పడుకుంటారో దీన్నిబట్టి ఊహించుకోండి. "ట్విన్" రూమ్ అంటే విడివిడిగా రెండు సింగిల్ మంచాలు. మంచం పంచుకోనన్నవాళ్లకి అదే. ఇక నలుగురి రూమ్‌లో ఐదో మనిషిని దొంగచాటుగా పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి, ఆ పరిమితి అగ్నిప్రమాద నిబంధనలకి సంబంధించింది, రిసెప్షన్‌లో దొరికిపోతే అర్ధరాత్రి కొత్త రూమ్ కొనాల్సి వస్తుంది.

## ఎక్కడ, ఎప్పుడు

ఆఫీసులుండే ప్రాంతాల హోటళ్లు వారం మధ్యలో నిండి, శుక్ర, శనివారాలు ఖాళీ అవుతాయి. అదే సూట్ అక్కడ వారాంతంలో తగ్గొచ్చు. పర్యాటకులు తిరిగే చోట ఇది తలకిందులు. ఆఫీసు ప్రాంతమైతే ఆదివారం చుట్టుపక్కల దుకాణాలు మూసి ఉంటాయి, అది లెక్కలో పెట్టుకుంటే చాలు. మీరు రాత్రి తిరిగే చోటు నుంచి కారులో పదిహేను నిమిషాలకి మించి ఉంటే మాత్రం తగ్గిన ధర మూడు కార్ల కిరాయికే పోతుంది. పది మందికి ఒక కారు చాలదని రూమ్ ధర చూస్తున్నప్పుడు ఎవరికీ గుర్తుండదు.

తేదీ ఖాయం చేసే ముందు ఆ నగరంలో ఆ వారాంతం మారథాన్, పెద్ద కచేరీ, కాన్ఫరెన్స్ ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే వారం జరపండి, బేరాలాడి లాభం లేదు.

డబ్బు వెనక్కి వచ్చే ధరనే ముందు పట్టుకోండి, అది ముందే కట్టేసే ధర కంటే కాస్త ఎక్కువైనా సరే. తలల లెక్క తేలాక, క్యాన్సిల్ చేసే గడువు ఇంకా ఉండగానే మళ్లీ ధర చూడండి, తగ్గితే కొత్తది తీసుకుని పాతది వదిలేయండి. ఆ గడువు ఒక్కోచోట 24 గంటలు, ఒక్కోచోట మూడు రోజులు, సూట్‌లకి ఇంకా ముందే ఉండొచ్చు. గ్రూపులో డబ్బు అడిగే చివరి తేదీని దానికి వారం ముందు పెట్టుకోండి.

చెక్-ఇన్‌లో ప్రతి రూమ్ మీదా కొంత మొత్తం డిపాజిట్‌గా కార్డులో పట్టి ఉంచుతారు. ఐదు రూమ్‌లూ మీ పేరునే ఉంటే ఐదింటి మొత్తమూ మీ కార్డులోనే ఇరుక్కుంటుంది. డెబిట్ కార్డు అయితే అది మీ అసలు డబ్బు, విడుదల కావడానికి రోజులు పడుతుంది. ఏ రూమ్ వాళ్లు ఆ రూమ్‌కి తమ కార్డు ఇచ్చేలా మాట్లాడుకోండి. మినీబార్ లెక్క కూడా అప్పుడు ఎవరిది వాళ్లకే వస్తుంది.

## మూడు రోజుల ముందు ఒక ఫోన్

ఏ హోటల్ తీసుకున్నా ఈ ఫోన్ మానకండి. ఏ రూమ్ ఎవరికన్నది చాలాచోట్ల ముందు రాత్రో ఆ పొద్దునో కేటాయిస్తారు. కాల్ సెంటర్‌కి కాకుండా ఆ హోటల్ రిసెప్షన్‌కి, చెక్-ఇన్ హడావిడి లేని వేళ, పొద్దున పదిన్నర ప్రాంతంలో చేయండి. అందరి పేర్లు, కన్ఫర్మేషన్ నంబర్లు చేతిలో ఉంచుకోండి.

అడగాల్సినవి ఇవి. రూమ్‌లన్నీ ఒకే అంతస్తులో ఇవ్వగలరా, సూట్ వరండా చివర్లో ఉంటే మంచిది, లిఫ్టు పక్కన వద్దు. ముందొచ్చినవాళ్లు మూడింటిదాకా సూట్‌కేసులు ఎక్కడ పెట్టుకోవాలి. సూట్ ఒక్కదానికైనా ఆదివారం ఒంటిగంట దాకా గడువు ఇస్తారా, ఒక్క రూమ్ ఉన్నా పది మందీ మొహం కడుక్కుని బయల్దేరవచ్చు. బెలూన్లు కట్టుకోవచ్చా, గోడకి ఏ టేపు వాడాలి, రంగు కాగితం ముక్కలు చల్లితే శుభ్రం చేయడానికి ఛార్జి వేస్తారా. అవతల మాట్లాడినవాళ్ల పేరు అడిగి, ఇవన్నీ అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి. మూడోసారి మాకు ఆరో అంతస్తులో వరండా చివర సూట్, దాని ఎదురుగా మూడు రూమ్‌లు వచ్చాయి. సూట్‌కి అదనంగా ఇంకో రెండు కీ కార్డులు కావాలని మాత్రం ముందు చెప్పడం మర్చిపోయాను, శనివారం ఆరింటికి కిందికి దిగి తెచ్చుకున్నాను, ఈసారి తలకి తువ్వాలు లేకుండా.